పాత తోలుసంచి – బాగుచేయించే ముందు



విదేశాలలో ఉద్యోగం చేసే పిల్లలు తల్లికి పేరుపడిన కంపెనీ హ్యాండ్‌బ్యాగు తెచ్చి ఇవ్వడం మన కుటుంబాలలో కొత్త కాదు. ఆ తల్లి దానిని ఏళ్ల తరబడి పెండ్లిండ్లకు, ప్రయాణాలకు, ఆసుపత్రికి వెంట తీసుకొని వెళ్తుంది. ఒకనాడు పిడి తెగుతుంది, అంచుల కుట్లు ఊడుతాయి. ఆమె కన్నుమూసిన తరువాత ఆ సంచిని పిల్లలు పారవేయలేరు, అలాగని వాడుకోనూ లేరు. చేసినవారికే పంపి బాగుచేయిస్తే మంచిది కదా అని అనిపిస్తుంది. మంచిదే. అయితే పంపే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

హెర్మెస్ సంస్థ 1837లో పారిస్ నగరంలో గుర్రపు సామగ్రి కుట్టే దుకాణంగా మొదలైంది. దాని తోలుసంచులకు నేటికీ జీనుకుట్టు పేరుగాంచినది. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఉంటాయి. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోనూ ఆ రెండూ ఎదురెదురుగా దూరుతాయి. దారానికి తేనెమైనం పూస్తారు. ఒకచోట తెగినా పక్క కుట్లు నిలుస్తాయి. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి గనుక ఒకటి తెగితే వరుసగా ఊడిపోయే అవకాశం ఎక్కువ. చేతికుట్టును జాగ్రత్తగా విప్పి, పాత రంధ్రాలలోనే తిరిగి కుట్టవచ్చు. ఇలాంటి పనికి చేసినవారి చేయే మేలు.

పిడి సంగతి వేరు. లూయీ విట్టాన్ సంస్థ 1854లో పారిస్‌లోనే ప్రారంభమైంది. అందరికీ తెలిసిన దాని పూలగుర్తుల నమూనా 1896 నాటిది. ఆ సంచులలో చాలావాటి ఒళ్లు తోలు కాదు, పూత వేసిన గుడ్డ. పిడులు, అంచులు మాత్రం రంగు వేయని ఆవుతోలు. కొత్తలో లేతగా ఉండే ఆ తోలు ఎండ, చేతి చెమట తగిలి క్రమంగా తేనెరంగుకు, ఆపైన ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. పిడి పాడైతే సాధారణంగా దానిని తీసివేసి కొత్తది వేస్తారు. పని నాణ్యంగానే ఉంటుంది. కాని కొత్త పిడి తెల్లగా, పాత అంచులు ముదురుగా కనబడతాయి. అన్నిటికంటె ముఖ్యం, అమ్మ పట్టుకొని పట్టుకొని నునుపెక్కిన ఆ పిడి ఇక సంచికి ఉండదు.

కనుక ఇంట్లో మొదట తేల్చుకోవలసినది ఒకటి ఉంది. ఆ సంచి వాడుకోవడానికా, జ్ఞాపకంగా దాచుకోవడానికా? వాడుకోవాలంటే కొత్త పిడి వేయించండి. దాచుకోవాలంటే ఊడిన కుట్లు మాత్రమే వేయమని, మిగతాది తాకవద్దని కాగితం మీద రాసి ఇవ్వండి. తీసివేసిన భాగం తిరిగి ఇస్తారో లేదో ముందే అడగండి. ఖర్చు అంచనా, పట్టే కాలం తెలుసుకొన్నాకే ఒప్పుకోండి. నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోండి. ఈలోగా జిగురు అంటించడం, రంగు వేయించడం వంటివి చేయకండి. బయట మార్పులు చేయించిన సంచిని చేసినవారు తీసుకోకపోవచ్చు. ఎండి పగిలిన తోలు ఏ క్రీముతోనూ మళ్లీ అతుక్కోదని కూడా గుర్తుంచుకోవాలి.

ఖర్చు భరించలేనివారు దిగులుపడనక్కరలేదు. చేతికుట్టు తెలిసిన మన ఊరి చెప్పులు కుట్టే పనివారు ఊడిన అంచును చక్కగా కుట్టగలరు. పాత రంధ్రాలలోనే కుట్టమని, జిగురు వాడవద్దని చెబితే చాలు. తరువాత వానాకాలంలో బూజు పట్టకుండా సంచిని గాలి తగిలే చోట ఉంచండి. ప్లాస్టిక్ కవరులో మూసిపెట్టవద్దు.

ఒక కూతురికి అది కొత్తదానిలా కావాలని ఉంటుంది, ఇంకొక కూతురికి ఆ మరకలతోనే కావాలని ఉంటుంది. పిడి ఒకసారి మార్చాక వెనక్కు తీసుకొనే వీలు లేదు. పంపే ముందు అక్కచెల్లెళ్లు కూర్చొని మాట్లాడుకోవాలని మా మనవి.