కఠిన పదములు – కంఠపాఠము

పరీక్షలకు బోవు మన యువకులలో నొక వింత తపస్సు ప్రబలియున్నది. కఠినములగు ఆంగ్లపదములను వరుసగా వ్రాసికొని, ఒక్కొక్కదాని ప్రక్క నొక్కొక్క యర్థమును నిలిపి, తెల్లవాఱుజామున లేచి వల్లించుచున్నారు. శ్రమను మేము నిందింపము. చిన్ననాడు మేమును అమరమును అర్థము తెలియకయే వల్లించినవారమే. కాని అమరము ఒక వస్తువునకు గల పేరులన్నిటిని ఒకచోట గూర్చి చూపును. ఈ పట్టిక పదమును దాని కుటుంబమునుండి విడదీసి యొంటరిగా నిలుపును.

న్యాయస్థానములలో కాలము గడపు మాకు దీని ఫలము దినదినమును గనబడుచున్నది. ‘సాంక్షన్’ అను మాటనే చూడుడు. ప్రభుత్వోద్యోగిపై అభియోగము నడపుటకు ప్రభుత్వమిచ్చు అనుమతియు సాంక్షనే. ఒక దేశమును దండించుటకై ఇతర దేశములు విధించు ఆంక్షయు సాంక్షనే. ‘ఓవర్‌సైట్’ అనగా పర్యవేక్షణము; పొరపాటును అదియే! ‘ఆలిబీ’ యనగా బొంకు సాకు అని యొక యువన్యాయవాది మాతో వాదించినాడు. అది లాటిను మాట; ‘మఱియొకచోట’ అని దాని మూలార్థము. నేరము జరిగిన వేళ తాను వేఱొకచోట నుంటినని ముద్దాయి చెప్పుకొనుటయే ఆలిబీ. అది సత్యమును గావచ్చును గదా.

1852లో వెలువడిన బ్రౌను దొర తెలుగు నిఘంటువును దెఱచినచో, మన మాటకు అర్థముతోబాటు ప్రయోగమును గూడ గానవచ్చును. పరాయివాడు మన భాషకై పడిన పాటు, మనము వాని భాషకై పడరాదా? (మన పందికొక్కు ‘బాండికూట్’ అను పేర ఆంగ్లములో స్థిరపడినది; ఆ గౌరవమునకు నవ్వవలెనో గర్వింపవలెనో తెలియకున్నది.)

ఆంగ్లప్రభుత్వము 1947లో వెడలిపోయినది. 1966లో శాసనము తెలుగును అధికారభాషగా జేసినది. అయినను రాజ్యాంగము 348వ అధికరణముచే ఉన్నత న్యాయస్థానములలో ఆంగ్లమునే నిలిపియున్నది. దస్తావేజులలోని కఠినపదములు కదలలేదు. ‘ఇండెమ్నిటీ’ అను మాట క్రింద వ్రేలిముద్ర వేయు రైతు, ఇతరులకు గలుగు నష్టమును తాను భరింతునని ఒప్పుకొనుచున్నాడు. ఇదేమి బాబూ యని యతడడిగిన, చదువుకొన్న కుఱ్ఱవాడు ‘నష్టపరిహారము’ అని పట్టికలోని యొక్కమాట చెప్పి ఊరకుండును. పరిహారము తనకే వచ్చునని రైతు సంతోషించి యింటికి బోవును.

పఠనమందిరములవారికి మా విన్నపమొకటి. దినమునకు నూఱు మాటలు వలదు, ఐదు చాలును. ఒక్కొక్కదానిని వాక్యములో బెట్టి, ఆ వాక్యమును తెనుగున వ్రాసి, దస్తావేజు చేతబట్టుకొని వచ్చినవానికి జదివి వినిపింపుడు. అతనికి దెలిసినదా, మీకును దెలిసినట్లే. సాయంకాలమొక గడియ వచ్చి కూర్చుండుటకు మేమును సిద్ధముగా నున్నాము.