ధర్మమునకు పార్టీ గలదా?

మతము మనుష్యుని రాజకీయమునకు ఎంతవరకు దారి చూపగలదను ప్రశ్న పాతదే. యూదుల చరిత్ర దీనికి ఆలోచింపదగిన సమాధానము నిచ్చుచున్నది.

పంట కోయునపుడు చేని అంచులను కోయక విడువవలెను, పరిగె ఏరుకొనరాదు, అది పేదలకును, పరదేశికిని చెందవలసినదని తోరా విధించినది. ఇది భిక్ష కాదు, పేదవాని హక్కు. దానమునకు హీబ్రూభాషలో వాడు ‘సెదకా’ అను మాటయు న్యాయార్థముగల ధాతువునుండియే పుట్టినది. ఐగుప్తులో తామును పరదేశులుగా నుండినవారు గనుక పరదేశిని పీడింపరాదని ఆ గ్రంథము పదేపదే హెచ్చరించును.

కాని ఒకే జాతి, ఒకే వారసత్వము ఒకే రాజకీయమునకు దారితీయలేదు. 1897 ఆగస్టులో బాసెల్ నగరమున ప్రథమ జియోనిస్టు మహాసభ జరిగి, పాలస్తీనాలో యూదులకు స్వస్థలము కావలెనని తీర్మానించినది. ఆ అక్టోబరులోనే విల్నాలో వెలసిన ‘బుండ్’ అను యూదు కార్మికసంఘము, ఉన్న దేశములోనే ఉండి సోషలిజముకొరకు పోరాడుట తగునని వాదించుచు వచ్చినది.

అమెరికాలోను ఇదే కథ. ప్రవక్తలపై 1962లో ఉద్గ్రంథము వెలువరించిన రబ్బీ ఏబ్రహాం జాషువా హెషెల్, 1965 మార్చిలో నీగ్రోల ఓటుహక్కుకై సెల్మాలో మార్టిన్ లూథర్ కింగుతో కలసి నడచెను. 1960 నుండి 1995 వరకు ‘కామెంటరీ’ పత్రికకు సంపాదకుడైన నార్మన్ పొడొరెట్జ్ వామపక్షమునుండి కుడివైపునకు మరలి, యూదులు ఉదారవాదులుగా నుండుటేల యని 2009లో ఒక గ్రంథమే వ్రాసెను. ప్యూ సంస్థ 2020లో జరిపిన సర్వేలో అమెరికా యూదులలో నూటికి 71 మంది డెమొక్రాట్లవైపు మొగ్గగా, వారిలోని సనాతనులలో నూటికి 75 మంది రిపబ్లికనులవైపు మొగ్గిరి.

వీరిలో నిజమైన యూదు డెవ్వడు? 2019లో అధ్యక్షుడు ట్రంపు, డెమొక్రాట్లకు ఓటువేయు యూదులు విశ్వాసహీనులని నిందించెను. ఇతర పక్షములవారును ఇట్టి పరీక్షలు పెట్టకపోలేదు. కాని తాల్ముడు సంప్రదాయము వేరు. హిల్లెల్, షమ్మాయి శిష్యుల వివాదములలో ఓడిన వాదమును సైతము అది భద్రపరచినది. హిల్లెల్ వర్గమునకు తీర్పు దక్కుటకు చెప్పిన కారణము మరింత గొప్పది: వారు సాధువులు, ప్రతిపక్షము మాటను ముందు చెప్పి, తమ మాటను పిదప చెప్పెడివారు.

కావున ధర్మము పార్టీకి సభ్యత్వపత్రము కాదు, పార్టీని తూచు త్రాసు. కుడిపక్షమువాడు తన సరిహద్దున నిలిచిన పరదేశిని గూర్చియు, తన జాతివారి ఏలుబడిలోని పాలస్తీనీయుని గూర్చియు జవాబు చెప్పవలెను. వామపక్షమువాడు తన పంక్తిలోనే యూదద్వేషము వినవచ్చినపుడు నోరు విప్పవలెను. స్వపక్షమును ప్రశ్నింపలేని ధర్మము అలంకారము మాత్రమే.

చేని అంచున పరిగె మిగిలినదా యని చూడవలెను గాని, చేనిపై ఎవరి జెండా ఎగురుచున్నదని కాదు.