అటక మీది స్ఫటికాలు

చాలా రోజులుగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న టపా ఇది. కారణం బద్ధకం కాదు, ఒక విషయం తేల్చుకోలేకపోవడం. గత వేసవిలో కంకిపాడులో మా మేనమామ గారి పాత పెంకుటిల్లు పడగొట్టే ముందు అటక ఖాళీ చేశాము. ఇత్తడి బిందెలు, చెదలు తిన్న పంచాంగాలు, పురికొసతో కట్టిన పాత పత్రికల మధ్య ఒక ఆకుపచ్చ రేకు పెట్టె బయటపడింది. అందులో పత్తి పొరల నడుమ పేర్చిన నలభై రెండు నల్లని బిళ్ళలు. ఒక్కొక్కటీ అగ్గిపెట్టె కన్నా చిన్నది. అడుగున రెండు పిన్నులు, ముఖాన మూడు మరలతో బిగించిన రేకు, దాని మీద ఒక అంకె: 5675, 6840, 7025, ఇలాగ.

పాత సామాను కొనేవాడు వచ్చి ఒకటి చేతిలో తూచి చూసి, "ఇందులో రాగీ లేదు, ఇత్తడీ లేదండీ, ఊరికే ఇచ్చినా మోత కూలి దండగ" అని తేల్చేశాడు. అమెరికాలో ఉన్న మా బావ మాత్రం అంతర్జాలంలో వెదికి, యుద్ధకాలపు సరుకును సేకరించేవారు వీటికి మంచి ధర ఇస్తారని కబురు చేశాడు. ఒకటే షరతు: ఎవరూ మరలు విప్పి ఉండకూడదు. ఒకరి లెక్కలో అవి చెత్త, మరొకరి లెక్కలో ముట్టుకోరాని పురావస్తువులు. ఈ రెండు లెక్కలూ తప్పేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

మొదట అవి ఏమిటో చెప్పాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం వాడిన ఎఫ్‌టి-243 తరగతి రేడియో స్ఫటికాలు అవి. మూత విప్పితే లోపల పలుగురాయి జాతికే చెందిన స్వచ్ఛమైన క్వార్ట్జ్ పలక ఒకటి, దాన్ని అటూ ఇటూ అదిమి పట్టిన రెండు లోహపు రేకులు, ఒక స్ప్రింగు ఉంటాయి. అంతే. క్వార్ట్జ్‌ను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. దానికి విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది. ఎంత వేగంగా కంపిస్తుందన్నది ముఖ్యంగా పలక మందాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు డెబ్బై లక్షల సార్లు, అంటే 7000 కిలోసైకిళ్ళ వద్ద కంపించవలసిన పలక మందం మిల్లీమీటరులో సుమారు నాలుగో వంతు. దాన్ని 7010కి పెంచాలంటే మిల్లీమీటరులో మూడువేలవ వంతు అరగదీస్తే చాలు. ఇంట్లో కూర్చుని, గాజు పలక మీద మెత్తని కురుందపు పొడి, నీళ్ళు వేసి, వేలికొసతో ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ ఈ పని చేసేవారు. చేయి జారి ఎక్కువ అరిగితే పెన్సిలుతో గీతలు గీసి, ఆ కాస్త బరువుతో కంపనాన్ని కొద్దిగా వెనక్కు లాగేవారు. ఇంత సూక్ష్మమైన పనికి ఇంత సాదా పనిముట్లు సరిపోవడం నాకు ఎన్నటికీ తీరని ఆశ్చర్యం.

సైన్యానికి ఇవి ఎందుకు కావలసి వచ్చాయంటే, యుద్ధంలో ముల్లు తిప్పుతూ వెదుకుతూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు కనుక. చేతిలో పట్టుకుని మాట్లాడే బిసి-611 అనే అమెరికన్ రేడియోకు స్టేషను తిప్పే మీటే లేదు. ఇద్దరి దగ్గరా ముందే జత కుదిర్చిన స్ఫటికాలు ఉంటే మీట నొక్కగానే మాట కలుస్తుంది. యుద్ధానికి ముందు అమెరికాలో ఏడాదికి లక్ష వరకు తయారయ్యే స్ఫటికాలు 1944 నాటికి కోట్లలో తయారయ్యాయి. ముడి క్వార్ట్జ్ బ్రెజిల్ గనుల నుండి వచ్చేది. స్ఫటికమంటే, నా దృష్టిలో, ఇద్దరు మనుషులు ముందుగా చేసుకున్న ఒప్పందం. "ఎప్పుడు పలికినా, ఇక్కడే పలుకుతాను" అని.

యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలిపెట్టిన సామాను వేలంపాటల్లో అమ్ముడుపోయి పట్టణాల పాత సామాన్ల బజార్లకు చేరింది. స్వాతంత్ర్యానంతరం మన దేశంలో అమెచ్యూర్ రేడియో వారు, అనగా హామ్‌లు, చాలావరకు ఆ సామానుతోనే పని నేర్చారు. 1948లో మౌ పట్టణంలోని సైనిక సిగ్నల్స్ పాఠశాలలో వారి మొదటి సంఘం ఏర్పడింది. 1970 నాటికి కూడా దేశమంతటా లైసెన్సు గలవారు వెయ్యికి లోపే. కొత్త యంత్రం కొనే స్తోమత వారిలో బహు కొద్దిమందికే ఉండేది. కనుక ట్యాంకులో ఉండవలసిన రేడియోను బల్ల మీద పెట్టి, దానికి రంధ్రాలు వేసి, వాల్వులు మార్చి, తమకు కావలసినట్లు మలచుకున్నారు. "అపురూపమైన యంత్రాలను పాడుచేశారు" అని నేటి సేకరణకర్తలు వారిని నిందిస్తారు. నేను నిందించలేను. వారు కోసి కుట్టుకున్న ఆ యంత్రాలే ఒక తరానికి బడి.

మా మావయ్య జబల్‌పూరులో శిక్షణ పొంది, సిగ్నల్స్ దళంలో పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. మద్రాసు మూర్ మార్కెట్టులో కొన్న పంతొమ్మిదో నంబరు వైర్‌లెస్ సెట్టు ఒకటి ఆయన దగ్గర ఉండేది. బ్రిటిషువారు ట్యాంకుల కోసం రూపొందించగా కెనడాలో తయారైన సెట్టు అది. సోవియట్ సైన్యానికి పంపడానికి చేసిన సరుకు కావడంతో మీటల పక్కన ఇంగ్లీషుతో పాటు రష్యన్ అక్షరాలు కూడా ఉండేవి. కంకిపాడులో రష్యన్ అక్షరాలు చూసి పెరిగిన పిల్లవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. సెట్టులోని పంపే భాగాన్ని ఆయన కొన్ననాడే విప్పి తీసేశారు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా అటువంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం. లైసెన్సు పరీక్షకు కట్టాలని ఏటా అనుకునేవారు. స్ఫటికాలు మాత్రం ఒక్కొక్కటే కూడబెట్టారు. పరీక్ష గట్టెక్కిన రోజున సొంతంగా ట్రాన్స్‌మిటరు కట్టుకోవాలని ఆయన ఆశ.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. నాకప్పుడు పదేళ్ళు. కంకిపాడు సముద్రానికి దూరం కనుక మాకు గాలీ వానే. కరెంటు పోయింది, చెట్లు పడ్డాయి, అంతే. కిందికి, అవనిగడ్డ వైపు, ఏమయిందో ఎవరికీ తెలియదు. తీగలన్నీ తెగిపోయాయి. మావయ్య ట్రాక్టరు బ్యాటరీ ఊడదీయించి సెట్టుకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెల్లవార్లూ ముల్లు తిప్పుతూ కూర్చున్నారు. "ఏం వింటున్నారు మావయ్యా?" అని అడిగాను. "ఎవరైనా పలుకుతారేమోనని రా" అన్నారు. ఎవరూ పలకలేదు. పలకడానికి అటువైపు ఎవరి దగ్గరా ఏమీ లేదు. వేలమంది జలసమాధి అయ్యారన్న సంగతి మాకు తరువాతి రోజుల్లో మనుషులు నడిచి వచ్చి చెబితే తెలిసింది.

మొన్న పెట్టె దొరికినప్పుడు అత్తయ్య అన్న మాట ఇది: "ఆ తుఫాను తరువాత మీ మావయ్య దీన్ని అటకెక్కించారు, మళ్ళీ దించలేదు." పరీక్షా వ్రాయలేదు. సేకరణకర్తలు కోరే "ఎవరూ విప్పని" స్థితి వెనుక ఉన్న కథ అది. భద్రత కాదు, బాధ.

ఇప్పుడు అసలు వాదన. విప్పకుండా ఉంచితే స్ఫటికం ఉన్నది ఉన్నట్లు ఉంటుందనుకోవడం పొరపాటు. యుద్ధం మధ్యలో అమెరికా సైన్యానికే ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. పరీక్షించి, మూత బిగించి పంపిన స్ఫటికాలు గిడ్డంగుల్లో ఉండగానే అంకె తప్పసాగాయి, కొన్ని మూగబోయాయి. రాపిడి వల్ల పలక మీద ఏర్పడిన గరుకు పొర తేమకు వదులై, రేణువులు రాలడమే కారణమని తేలింది. చివరి పొరను రాపిడితో కాక ఆమ్లంతో కరిగించడం మొదలుపెట్టాక ఆ చిక్కు తీరింది. అమెరికా గిడ్డంగిలోనే అలా జరిగితే, కృష్ణా డెల్టాలో దాదాపు అర్ధశతాబ్దపు వానాకాలాలు చూసిన అటక మాట చెప్పాలా?

లైసెన్సు గల ఒక మిత్రుని ఇంట కూర్చుని నలభై రెండింటినీ చిన్న ఆసిలేటరు సర్క్యూట్లో పెట్టి చూశాము. ఇరవై ఏడు పలికాయి, వాటిలోనూ కొన్ని తమ ముఖాన ఉన్న అంకె దగ్గర పలకలేదు. పదిహేను మూగవి. మూగవాటి మరలు విప్పి, పలకలను సబ్బునీళ్ళతో, తరువాత స్పిరిటుతో కడిగి, రేకులు తుడిచి మళ్ళీ బిగిస్తే తొమ్మిది గొంతు విప్పాయి. సేకరణకర్తల లెక్కలో ఆ తొమ్మిదింటి ధర పడిపోయింది. నా లెక్కలో అవి ఆ రోజే మళ్ళీ స్ఫటికాలయ్యాయి.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, దాన్ని తేలికగా తీసివేయను. పాత వస్తువు చరిత్రకు సాక్ష్యం. దాని మీది ధూళి కూడా సాక్ష్యమే. అందరూ విప్పుకుంటూ పోతే రేపటి పరిశోధకునికి అసలు రూపమే మిగలదు. నిజమే. అందుకే ప్రతి రకంలోనూ ఒకటి రెండు తాకకుండా ఉంచాలి. విప్పినవాటికి ఏం చేశామో, ఎప్పుడు చేశామో వ్రాసి పెట్టాలి. కానీ ఉన్నవన్నీ అద్దాల బీరువాలోకి పోతే మిగిలేది రూపమే, పని కాదు. వీటిని అరగదీయడం తెలిసిన వేళ్ళు ఒక్కొక్కటిగా వెళ్ళిపోతున్నాయి. ఆ విద్యను తెలుగులో వ్రాసిన పుస్తకం నా కంట పడలేదు. మావయ్య నోటు పుస్తకం కూడా ఇంగ్లీషులోనే ఉంది.

ఇదంతా పాతకాలపు ముచ్చటేనా అని అడిగేవారికి మూడు సంగతులు చెబుతాను. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుండి ప్రపంచ హామ్‌లతో మాట్లాడడానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళింది. 26న సునామీ వచ్చినప్పుడు ఆ రేడియోలే ద్వీపాల క్షేమసమాచారాన్ని బయటకు చేర్చాయి. వారు విపత్తు కోసం వెళ్ళలేదు. కానీ రేడియో సిద్ధంగా ఉంది, అవతల వినేవారు ఉన్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్‌లోని మా బంధువులు డాబా మీద ఉన్నారో లేదో తెలుసుకోవడానికి మాకు ఒక రాత్రీ పగలూ పట్టింది. ఆ వరదలోనే ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. నలభై ఏడేళ్ళ తరువాత, చేతిలో ఇంత ఫోను పెట్టుకుని, నేనూ మావయ్య లాగే ఎవరైనా పలుకుతారేమోనని కూర్చున్నాను.

ఈ స్ఫటికాలతో రేపటి వరదలో ఎవరినో కాపాడవచ్చని నేననడం లేదు. దానికి నేటి రేడియోలు ఉన్నాయి. వీటితో నేర్వగలిగేది వేరు. రేడియో పెట్టెలో ఇంద్రజాలం లేదనీ, మిల్లీమీటరులో నాలుగో వంతు రాయి, ఒక బ్యాటరీ, ఇంటి మీద ఒక తీగ ఉంటే మాట దూరం పోతుందనీ ఒక పిల్లవాడికి చేతులతో తెలుస్తుంది. ఆ పిల్లవాడు రేపు పరీక్ష వ్రాసి లైసెన్సు తెచ్చుకుంటే, అవనిగడ్డలో ఒకడు, కంకిపాడులో ఒకడు ఉంటే, ఒప్పందం ముందే కుదిరినట్లు. మనకిది కొత్త విద్యా కాదు. మా ఊరి మీదుగా పోయే బందరు రోడ్డు చివరనే 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు చేసే స్థాయికి ఎదిగింది. సూక్ష్మమైన పనికి ఈ నేల చేతులు పనికిరావని ఎవరూ అనలేరు.

మా బావతో ఫోనులో చాలాసేపు వాదించాను. చివరకు ఒప్పందం ఇది. రెండు స్ఫటికాలు విప్పకుండా అత్తయ్య దగ్గర ఉంటాయి. మూగవైన ఆరింటిని అరగదీయడం నేర్చుకోవడానికి వాడతాము, పోయినా ఫరవాలేదు. మిగిలినవి నా మిత్రుడు సెలవు రోజుల్లో పిల్లలకు రేడియో పాఠం చెప్పే గదికి వెళతాయి. నోటు పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చి విడతలుగా ఇక్కడే పెడతాను. నేను పరీక్షకు పుస్తకాలు కొన్నాను. ఈ వయసులో మోర్సు కోడు ఎక్కుతుందో లేదో చూడాలి.

మీ ఇళ్ళ అటకల మీద ఇటువంటి పెట్టెలు ఉంటే పాత సామానువాడికి వేయకండి, బీరువాలో పెట్టి తాళమూ వేయకండి. తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళి విప్పించండి. వ్యాఖ్యలలో మీ అనుభవాలు పంచుకుంటే సంతోషిస్తాను.