మంచునదిపై మేకులు

ఐర్లండు దేశమున 1820లో జన్మించి, సర్వే కొలువుతో జీవిక నారంభించి, రైలుమార్గములకై నేల కొలుచుచు తిరిగి, పిమ్మట జర్మనీలోని మార్బర్గున బున్సెను వంటివారి కడ చదివి, 1853లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనున ఫారడే సరసన ఆచార్యుడైన జాన్ టిండలును గూర్చి వ్రాయువారు ప్రయోగశాలలో పండితుడనియు, సెలవులలో పర్వతారోహకుడనియు ఆయనను రెండు ముక్కలు చేయుదురు. ఈ విభజన నాకు సమ్మతము కాదు.

1860 నాటి 'ది గ్లేషియర్స్ ఆఫ్ ది ఆల్ప్స్' గ్రంథమును ఆయనయే యాత్రాకథనమనియు శాస్త్రభాగమనియు పంచెను గదా యని పాఠకులు నన్ను నిలదీయవచ్చును. పంచినమాట నిజమే, కాని ఆ శాస్త్రమంతయు నడిచి సంపాదించినది. మేర్ ద గ్లాస్ హిమనదికి అడ్డముగా మేకులు పాతించి, థియోడలైటుతో వాని కదలికను కనిపెట్టి, వంపు తిరిగినచోట మంచు మిక్కిలి వడిగా సాగు రేఖ నడిమిని విడిచి వెలుపలి ఒడ్డువైపు ఒరగునని ఆయన నిరూపించెను. వేసవి కొలతలతో తృప్తిపడక, 1859 డిసెంబరు చివర, ఎవ్వరును ఇల్లు వెడలని కాలమున, మరల అచటికి పోయి శీతకాలపు నడకను గూడ కొలిచెను.

1858లో మాంటిరోజా శిఖరమును పందిమాంసపు సాండ్‌విచ్చి, సీసాడు తేనీరు మాత్రమే వెంటగొని ఒంటరిగా ఎక్కుట సాహసమే గాని వివేకము కాదు. 1861లో బెన్నెన్, వెంగర్ అను మార్గదర్శకులతో అంతకుముందెవ్వరును మెట్టని వైస్‌హార్న్‌ను మెట్టుట మాత్రము నిజముగా ఘనకార్యము.

హిమనదుల పరిశీలనయే తన దృష్టిని వాయుమండలము గుండ వేడిమి ప్రసరించు తీరుపైకి మరల్చినదని ఆయన స్వయముగా చెప్పుకొనెను. రాతియుప్పు పలకలతో ఇరుకొనలు మూసిన ఇత్తడి గొట్టములో వాయువులను నింపి, నీటియావిరియు బొగ్గుపులుసు వాయువును కంటికి కానరాని ఉష్ణకిరణములను మ్రింగుటను 1859 నుండి కొలిచెను. నేడు భూతాపమును గూర్చి జరుగు చర్చకు మూలము లందున్నవి. (అమెరికాలో యూనిస్ ఫుట్ అను వనిత 1856లోనే ఎండలో గాజుగొట్టములుంచి ఇట్టి సూచన చేసెను, ఆమె పేరు చిరకాలము మరుగుపడుట అన్యాయము.)

భార్య లూయిసా మెగ్నీషియా యనుకొని నిద్రమందైన క్లోరలును పొరపాటున అధికముగా ఇచ్చుటచే టిండలు 1893 డిసెంబరులో మరణించెను. ఆమె అటుపై దాదాపు అర్ధశతాబ్ది బ్రదికి, భర్త చరిత్రకై సామగ్రి సమకూర్చుచునే 1940లో గతించెను. ఇతరులు పూర్తిచేసిన ఆ చరిత్ర 1945లో గాని వెలువడలేదు. అప్పటికి ఆయన ప్రసంగములు విన్న తరము చాలవరకు కనుమరుగైనది. చరిత్ర మాట అటుంచి, ఆయన దినచర్యలను ఉన్నవి ఉన్నట్లు ముందే అచ్చువేయించియుండిన మేలై యుండెడిదని నా యభిప్రాయము.