ఈ జబ్బుకి సిగ్గెందుకు?

మోకాళ్ల నొప్పులొస్తే పేరంటంలో పదిమందికీ చెప్పుకుంటాం. షుగరొచ్చినా చెప్పుకుంటాం. మొలలొచ్చి రక్తం పడుతోందంటే మాత్రం కట్టుకున్నవాడికి కూడా చెప్పం. 'కాస్త వేడి చేసింది' అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటాం.

మా వీధిలో ఒకావిడ 8 నెలలు ఇలాగే గుట్టుగా నెట్టుకొచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, మొహం పాలిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6. ఆడవాళ్లకి 12 అయినా ఉండాలి. ఈలోగా ఆవిడ చేసుకున్న వైద్యం వింటే ఒళ్లు జలదరిస్తుంది. రోజూ డెట్టాల్ నీళ్లతో కడుక్కోవడం, ఎవరో ఇచ్చిన పసరు రాయడం! చివరికి 'ఆపరేషన్ లేకుండా మొలలు మాయం' అన్న బోర్డు చూసి వెళ్లి ఇంజెక్షన్ చేయించుకుంది. మూడోరోజుకి చలిజ్వరం, కూర్చోలేనంత నొప్పి, మూత్రం బిగిసిపోయింది. వారం పైగా ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

నిజానికి అక్కడ రక్తప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి మొలలు వాటంతటవి చీము పట్టడం అరుదు. ఘాటు మందులు రాసి పుండు చేసుకున్నా, శుభ్రం లేని సూదులతో పొడిపించుకున్నా ముప్పు కొని తెచ్చుకున్నట్టే. షుగరున్నవాళ్లకి మరీను. మంచి డాక్టరు దగ్గర రబ్బరు బ్యాండు వేయించుకున్నా అరుదుగా ఇన్‌ఫెక్షన్ రావచ్చు. జ్వరం, పెరుగుతున్న నొప్పి, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

ఇంట్లో చేసుకోవాల్సింది చాలా తేలిక. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, రోజుకి 2, 3 సార్లు 10, 15 నిమిషాలు కూర్చోవాలి. నీళ్లలో ఏమీ కలపక్కర్లేదు. తర్వాత ఉతికిన మెత్తని నూలుగుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. ఆకుకూరలు, జామకాయలు తినాలి. ఇసబ్‌గోల్ వేసుకుంటే నీళ్లు బాగా తాగాలి.

అసలు నాకు కోపమొచ్చేది వేరే సంగతికి. పొద్దున్నే కాలకృత్యానికి కూడా ఇంట్లో మన వంతు ఆఖరే! ఆయన ఆఫీసు, పిల్లల బడి, క్యారేజీలు అయ్యేసరికి ఆ అవసరం కాస్తా తప్పిపోతుంది. ప్రయాణమంటే బాత్రూమ్ దొరకదని నీళ్లే తాగం. మలబద్ధకం రాక ఏమవుతుంది? కాన్పుల్లో మొదలైన మొలలు దాంతో ముదురుతాయి. ఇంట్లో ఈ వరస మారకుండా ఎన్ని ఆయింట్‌మెంట్లు రాస్తే మాత్రం ఏం లాభం చెప్పండి?

ఇంకో మాట. రక్తం పడగానే మొలలేనని మనకి మనమే తీర్మానించేసుకోకూడదు. పేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది. 40 దాటినవాళ్లు, బరువు తగ్గుతున్నవాళ్లు, మలం నల్లగా వస్తున్నవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు. చూపించుకోవాల్సింది సర్జన్‌కి. మగడాక్టరేమోనని జంకుగా ఉంటే, పరీక్ష చేసేటప్పుడు నర్సుని పక్కన ఉండమని అడగొచ్చు. చాలాచోట్ల మనం అడక్కుండానే పిలుస్తారు.