గేమ్ ఆడామని గదికి తాళం వెయ్యాలా?



హాస్టల్ కంప్యూటర్ గదిలో పిల్లలు గేములు ఆడి చెడిపోతున్నారు, తాళం వేయించండి అని పోయిన వారం ఇక్కడ ఒక అన్న పోస్ట్ పెట్టారు. ఆ ఆడేవాళ్లలో నేనూ ఒకడిని. అన్న మీద కోపంతో కాదు, మా వైపు మాట కూడా వినమని రాస్తున్నా.

ఆ గదిలో ఉన్నది ఏదో ఆఫీసు వాళ్లు వాడి వదిలేసిన పాత వర్క్‌స్టేషన్. జియాన్ ప్రాసెసర్, 64 జీబీ ఈసీసీ మెమరీ, రెండు గ్రాఫిక్స్ కార్డులు. నలుగురం దాని మీదే ప్రాజెక్టులు చేసుకుంటాం కాబట్టి గేమ్ కోసం లినక్స్ తీసేసి విండోస్ వేస్తానంటే కుదరదు. అందుకే లినక్స్ లోపలే కేవీఎంతో ఒక వర్చువల్ మెషీన్ పెట్టి, ఒక గ్రాఫిక్స్ కార్డు మొత్తం దానికే అప్పగించాం. ఇప్పుడు ఒకరు విండోస్‌లో జీటీఏ 5 ఆడుతుంటే, ఇంకొకరు రెండో మానిటర్, రెండో కీబోర్డు పెట్టుకుని లినక్స్‌లో కోడ్ రాసుకుంటున్నారు.

ఇది చెప్పినంత తేలిగ్గా అవ్వలేదు. బయోస్‌లో వీటీ-డి ఆన్ చెయ్యాలి. ఐఓఎంఎంయూ గ్రూపులు చూసుకోవాలి, కార్డుతో పాటు అదే గ్రూపులో ఇంకేదైనా ఉంటే అదీ లినక్స్ చేతిలోంచి పోతుంది. బూట్ అయ్యేటప్పుడే కార్డుని వీఎఫ్ఐఓ డ్రైవర్‌కి కట్టాలి. మాకు మూడు రాత్రులు నల్ల స్క్రీనే కనిపించింది. ఎన్విడియా తన జీఫోర్స్ కార్డులకు దీన్ని అధికారికంగా ఒప్పుకున్నదే 2021లో.

అన్న మాటలో నిజం లేదని అనను. ఒట్టి గేమే కావాలంటే ఈ తిప్పలు అక్కర్లేదు. పాత జియాన్‌లో కోర్లు ఎక్కువున్నా ఒక్కో కోర్ వేగం తక్కువ. వాలరెంట్ అయితే వర్చువల్ మెషీన్‌లో నడవనే నడవదు. తెల్లారేదాకా ఆడి ఒక ఇంటర్నల్‌లో మార్కులు పోగొట్టుకున్నా. ఆ తప్పు నాదే.

కానీ ఒకటి చెప్పాలి. మా ఆశ్రమ పాఠశాలలో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉండేది. "ముట్టుకోకండిరా, పాడైతే ఎవరు కడతారు" అనేవారు. పదో తరగతి అయ్యేదాకా దాని స్విచ్ నొక్కలేదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ని నేను. ఇక్కడ ల్యాబ్‌లో కూర్చున్నా మొదట్లో చెయ్యి వణికేది. ఆ భయం పోయింది ఈ వర్చువల్ మెషీన్ వల్లే. విండోస్‌ని ఎనిమిదిసార్లు పాడుచేశా. ప్రతిసారీ ముందే తీసి పెట్టుకున్న డిస్క్ స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లిపోయా. ఎవరూ తిట్టలేదు, ఎవరూ డబ్బు కట్టలేదు. గూగుల్ క్లౌడ్ నడిచేది కూడా ఈ కేవీఎం మీదే. అంటే గేమ్ కోసం నేర్చుకున్నది రేపు ఉద్యోగానికీ పనికొస్తుంది.

అందుకే తాళం వద్దు, టైమ్ పెట్టండి. రాత్రి 10 దాటితే గేమ్ బంద్. పరీక్షల నెలలో విండోస్ మెషీన్ అసలు ఆన్ చెయ్యం. ఆదివారం పొద్దున్న జూనియర్లకి ఈ సెటప్ మొదటి నుంచి నేర్పుతాం, గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్లకి కూడా. అన్నా, ఒక ఆదివారం మీరూ వచ్చి చూడండి. చూశాక కూడా తాళమే వెయ్యాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.