కడుపునొప్పి ఎక్కడో చూశారా?

కడుపులో నొప్పి అనగానే ఇంత వాము, ఉప్పు నలిపి నోట్లో వేసుకుని పనిలో పడిపోతాం కదండీ! అజీర్తికైతే సరే. కానీ బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కొన్ని గంటల్లో పొత్తికడుపు కుడివైపుకి దిగి, వాంతులు, కాస్త జ్వరం కూడా ఉంటే అపెండిసైటిస్ కావచ్చు. అప్పుడు పిల్లలకి ఆముదం పట్టించకండి, అత్తగారు చెప్పినా సరే. అపెండిక్స్ పగిలితే లోపలి చీము కడుపంతా పాకుతుంది. ఏమీ తినిపించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పూరీలు, వేపుళ్ళు తిన్నాక కుడి పక్కటెముకల కింద పట్టేసి, నొప్పి భుజం దాకా లాగుతోందా? పిత్తాశయంలో రాళ్ళేమో, స్కానింగ్‌లో తెలుస్తుంది. మగవాళ్ళకన్నా మనకే ఇవి ఎక్కువ.

నెల తప్పి, పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం గర్భం ట్యూబులో నిలిచిందేమో. లోపల రక్తం పోతుంది, ప్రాణం మీదకొస్తుంది. ఇంటాయన సాయంత్రం వచ్చాక చూద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.